హెల్త్‌కేర్ అసిస్టెంట్ షిఫ్టులు ఒప్పుకునే ముందు: బ్రిటన్‌లోని వైద్య విద్యార్థులకు జాగ్రత్తలు

సెప్టెంబరు తరగతులు దగ్గరపడుతున్నందున, బ్రిటన్‌లో వైద్యం చదువుతూ ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రుల్లో హెల్త్‌కేర్ అసిస్టెంట్లుగా, అంటే రోగుల సంరక్షణలో నర్సులకు తోడ్పడే సహాయకులుగా, బ్యాంక్ షిఫ్టులు (అవసరాన్ని బట్టి ఒప్పుకునే తాత్కాలిక డ్యూటీలు) చేయదలచిన మన విద్యార్థులు ముందుగా వీటిని సరిచూసుకోవాలి.

• స్టూడెంట్ వీసాపై డిగ్రీ చదివేవారు తరగతులు సాగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. వారమంటే సోమవారం నుంచి ఆదివారం వరకే. ఈ వారం ఎక్కువ చేసి వచ్చే వారం తగ్గించుకుంటామంటే కుదరదు. పదకొండున్నర గంటల షిఫ్టులు రెండు చేస్తేనే 23 గంటలవుతాయి కనుక, ‘రెండు రోజులే కదా’ అన్న ధీమా వీసాకే ముప్పు తెస్తుంది. మరోచోట చేసే ఉద్యోగపు గంటలూ ఇందులోనే కలుస్తాయి.

• ఆ షిఫ్టులో మీరు సహాయకులే గాని వైద్య విద్యార్థులు కారు. కళాశాలలో కాన్యులా (మందులు, సెలైన్ ఎక్కించేందుకు రక్తనాళంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టడం నేర్చుకున్నప్పటికీ, ఆ ఉద్యోగంలో శిక్షణ, అనుమతి లేనిదే, నర్సు తొందరలో అడిగినా సరే, పెట్టకూడదు. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మీద ఒత్తిగిలించడం చిన్న పనులుగా తోచవచ్చు. నా దృష్టిలో వైద్యుల వెంట తిరిగే వార్డు రౌండ్లలో దొరకని అనుభవం అక్కడే ఉంది.

• ఆసక్తికరమైన కేసు కనబడిందని, మీ సంరక్షణలో లేని రోగి రికార్డు తెరవవద్దు; ఎవరు చూశారో కంప్యూటరులో నమోదవుతుంది.

• డీబీఎస్ తనిఖీకి (నేరచరిత్ర పరిశీలనకు), హెపటైటిస్‌-బి టీకా రుజువులకు సమయం పట్టవచ్చు కనుక ముందే సిద్ధం చేసుకోవాలి.

• మర్నాడు చదువులో భాగమైన ఆసుపత్రి పోస్టింగు ఉంటే రాత్రి షిఫ్టు ఒప్పుకోవద్దు.