పాత జేక్వెరీ పేజీలో రియాక్ట్ పెట్టాక ఏదో ఒకటి పనిచేయడం మానేసిందా? ఇక్కడ వెతకండి

జేక్వెరీ (పేజీని కదిలించే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ), బూట్‌స్ట్రాప్ (రెడీమేడ్ బటన్లు, మెనూల కిట్) కలిపి ఏళ్ల క్రితం కట్టిన అప్లికేషన్‌ని పక్కన పడేసి మొత్తం రియాక్ట్‌లో (స్క్రీన్లని కాంపొనెంట్లనే ముక్కలుగా కట్టే లైబ్రరీ) మొదటి నుంచి రాద్దామంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు, అందుకే అందరం చేసేది ఒకటే, పాతది అలాగే ఉంచి కొత్త స్క్రీన్లు మాత్రం రియాక్ట్‌లో పెట్టడం. తప్పేం లేదు, నడుస్తుంది. నడవనప్పుడు మాత్రం కారణం దాదాపు ప్రతిసారీ ఒక్కటే: ఏదో ఒక పేరు మీదో, డామ్ నోడ్ (బ్రౌజర్ దగ్గర పేజీలోని ఒక ట్యాగ్ లేదా అక్షరాల ముక్క) మీదో, సీఎస్ఎస్ క్లాస్ మీదో రెండు టూల్‌కిట్లు పెత్తనం చేస్తున్నాయి. ఒక ఒరలో రెండు కత్తుల వ్యవహారం. కాబట్టి కోడ్ ముట్టుకునే ముందు బ్రౌజర్ కన్సోల్ తెరిచి ఎర్ర మెసేజ్ చదవండి, దేని కోసం కొట్లాట జరుగుతోందో చూడండి.

ప్లగిన్ ఫైల్ వచ్చింది, అయినా "ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అంటోంది

నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఫైల్ 200తో (సరిగ్గా అందిందని) శుభ్రంగా కనిపిస్తుంది, కానీ పిలిస్తే ఎర్రర్. సాధారణంగా పేజీలోకి జేక్వెరీ రెండుసార్లు వచ్చి ఉంటుంది. లేఔట్ ఫైల్‌లో ఒకటి, ఎవరో విడ్జెట్‌తో పాటు తెచ్చింది ఇంకొకటి. ప్లగిన్ (జేక్వెరీకి అదనపు పని నేర్పే కోడ్) మొదటిదానికి అతుక్కుంటుంది, తర్వాత వచ్చిన రెండోది ఆ పేరు లాగేసుకుంటుంది, దాంట్లో మీ ప్లగిన్ ఉండదు. కన్సోల్‌లో జేక్వెరీ వెర్షన్ అడిగి చూడండి, మీరు అనుకున్నది రాకపోతే దొంగ దొరికినట్టే, రెండోదాన్ని పీకేయండి. ఇక పేజీలో ప్రోటోటైప్ లాంటి ముసలి లైబ్రరీ కూడా ఉంటే గొడవ జేక్వెరీకి పొట్టి పేరైన డాలర్ గుర్తు కోసం. జేక్వెరీని దాని తర్వాత లోడ్ చేసి నోకాన్‌ఫ్లిక్ట్ పిలిస్తే డాలర్ పాత యజమానికి వెళ్లిపోతుంది, మీరు జేక్వెరీ అన్న పూర్తి పేరు వాడుకోవచ్చు.

జేక్వెరీ యూఐ డైలాగ్ మూలన మూసే ఇంటూ గుర్తు మాయమైంది

బూట్‌స్ట్రాప్‌కీ, జేక్వెరీ మీదే కట్టిన విడ్జెట్ల లైబ్రరీ జేక్వెరీ యూఐకీ బటన్, టూల్‌టిప్ అనే ఒకే పేర్లతో ప్లగిన్లు ఉన్నాయి, చివరగా లోడైనదే గెలుస్తుంది. ఫైళ్ల వరుస మారిస్తే ఇంటూ గుర్తు వస్తుంది, కానీ అప్పుడు బూట్‌స్ట్రాప్ టూల్‌టిప్ పోతుంది. బూట్‌స్ట్రాప్ వెనక లోడవుతుంటే దాని బటన్ ప్లగిన్ మీద నోకాన్‌ఫ్లిక్ట్ పిలిచి వేరే పేరు పెట్టుకోవడమే సరైన దారి. 2021లో వచ్చిన బూట్‌స్ట్రాప్ 5కి జేక్వెరీ అక్కర్లేదు, కానీ పేజీలో జేక్వెరీ కనబడితే అది మళ్లీ ఆ ప్లగిన్లు తగిలిస్తుంది, కాబట్టి అప్‌గ్రేడ్ చేశాం కదా అని ధీమా వద్దు.

పాపప్ మోడల్‌లో సెలెక్ట్ టూ తెరుచుకుంటుంది, సెర్చ్ బాక్స్‌లో మాత్రం టైప్ అవదు

సెలెక్ట్ టూ (వెతికి ఎంచుకునే డ్రాప్‌డౌన్ ప్లగిన్) తన జాబితాని బాడీ చివర పెడుతుంది, బూట్‌స్ట్రాప్ మోడలేమో ఫోకస్ తన బయటికి పోతే వెనక్కి లాక్కుంటుంది. డ్రాప్‌డౌన్ పేరెంట్ ఆప్షన్‌లో ఆ మోడల్‌ని ఇవ్వండి, అంతే.

స్క్రీన్ మొత్తం తెల్లబడింది, కన్సోల్‌లో "రిమూవ్‌చైల్డ్" ఎర్రర్

అసలు తలనొప్పి ఇది. రియాక్ట్ తను కట్టిన నోడ్లు పెట్టినచోటే ఉంటాయని నమ్ముతుంది. జేక్వెరీ యూఐ డైలాగ్ ఆ నమ్మకాన్ని పట్టించుకోదు, మీరిచ్చిన డివ్‌ని ఎత్తి బాడీ చివరికి పట్టుకెళ్తుంది. తర్వాత రియాక్ట్ ఆ డివ్‌ని తీయబోతే పాత తల్లి దగ్గర అది ఉండదు, ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టుకునే ఎర్రర్ బౌండరీ లేకపోతే కాంపొనెంట్లన్నీ ఊడిపోతాయి. యూజర్ పేజీని క్రోమ్ అనువాదంలో తెలుగులోకి మార్చుకున్నా ఇదే ఎర్రర్ రావచ్చు, ఎందుకంటే అది రియాక్ట్ టెక్స్ట్ నోడ్లని తీసేసి తన ట్యాగులు పెడుతుంది. మీ దగ్గర ఎంత ప్రయత్నించినా రాని బగ్ యూజర్ దగ్గరే వస్తుంటే ముందు ఈ సంగతి అడగండి.

డైలాగ్ విషయంలో ఇంకో తిరకాసు: ఎర్రర్ ఏమీ ఉండదు, లోపలి బటన్ నొక్కితే మాత్రం చలనం ఉండదు. రియాక్ట్ 16 వరకూ ఈవెంట్లని డాక్యుమెంట్ దగ్గర వినేది, 2020 అక్టోబర్‌లో వచ్చిన 17 నుంచి తన రూట్ డివ్ (రియాక్ట్‌ని మొదలుపెట్టిన డివ్) దగ్గరే వింటోంది. బాడీ చివరికి పోయిన బటన్ క్లిక్ ఆ రూట్ దాకా చేరదు. అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు "నిన్నటిదాకా పనిచేసింది కదా" అనే కంప్లైంట్ వస్తే ముందు ఇక్కడే చూడండి.

పరిష్కారం రెండింటికీ ఒకటే. ప్లగిన్‌కి ఇచ్చే నోడ్ చుట్టూ ఒక ఉత్త డివ్ కట్టండి, అందులో రియాక్ట్ ఇంకేమీ పెట్టకూడదు, డైలాగ్ అపెండ్‌టూ ఆప్షన్‌లో ఆ డివ్‌నే ఇస్తే అది ఇల్లు దాటదు. ప్లగిన్‌ని ఎఫెక్ట్‌లో (కాంపొనెంట్ పేజీలోకి వచ్చాక రియాక్ట్ నడిపే కోడ్) మొదలుపెట్టి క్లీనప్‌లో (అది పోయేటప్పుడు నడిచే కోడ్) డిస్ట్రాయ్ పిలవండి. నేనైతే దీనికి యూజ్‌లేఔట్‌ఎఫెక్టే వాడతాను, ఎందుకంటే కాంపొనెంట్ పోయేటప్పుడు యూజ్ఎఫెక్ట్ క్లీనప్ నడిచేది నోడ్ డామ్‌లోంచి పోయాక, అప్పటికి ప్లగిన్‌కి సర్దుకోవడానికి ఏమీ మిగలదు. రియాక్ట్ 18లో డెవలప్‌మెంట్‌లో విడ్జెట్ రెండుసార్లు కనిపిస్తుంటే క్లీనప్ రాయలేదన్నమాట. తప్పులు బయటపెట్టడానికి పెట్టిన స్ట్రిక్ట్ మోడ్ ఎఫెక్టుల్ని కావాలనే రెండుసార్లు నడుపుతుంది, కనుక స్ట్రిక్ట్ మోడ్ తీసేసి సమస్య పోయిందనుకోకండి.

అలాగే సెలెక్ట్ టూలో విలువ మార్చినా రియాక్ట్ ఆన్‌చేంజ్ పలకదు. జేక్వెరీ ట్రిగ్గర్ చేసే చేంజ్ బ్రౌజర్ అసలు ఈవెంట్ కాదు, జేక్వెరీ చెవులకే వినిపిస్తుంది. అదే ఎఫెక్ట్‌లో జేక్వెరీ ఆన్‌తో విని, విలువని స్టేట్‌లోకి (కాంపొనెంట్ గుర్తుపెట్టుకునే విలువలు) మీరే పంపండి, క్లీనప్‌లో ఆఫ్ మరిచిపోకండి.

ఇదంతా చదివాక ఒక డైలాగ్ కోసం ఇంత అవసరమా అనిపిస్తే, నిజమే, అక్కర్లేదు. బ్రౌజర్‌లోనే డైలాగ్ ట్యాగ్ ఉంది, తేదీకి ఇన్‌పుట్ ఉంది. కొత్త స్క్రీన్లలో పాత ప్లగిన్లని మోయడం కంటే వాటితో సరిపెట్టుకోవడం మేలు.

మెనూ తెరుచుకుని చోటు తీసుకుంటుంది, లోపల ఏమీ కనపడదు

బూట్‌స్ట్రాప్ పక్కన టెయిల్‌విండ్ అనే సీఎస్ఎస్ కిట్ పెట్టారా? ఇద్దరికీ కొలాప్స్ అనే క్లాస్ ఉంది, టెయిల్‌విండ్‌లో దాని అర్థం విజిబిలిటీ తీసేయమని. టెయిల్‌విండ్ క్లాస్ పేర్లకి ముందు ఒక ప్రిఫిక్స్ పెట్టండి. హెడింగులు మామూలు అక్షరాల్లా చిన్నబోతే అది టెయిల్‌విండ్ ప్రీఫ్లైట్ చేసే రీసెట్, పాత పేజీల్లో దాన్ని ఆపేయండి.

"ఇన్‌వ్యాలిడ్ హుక్ కాల్"

హుక్ (యూజ్ఎఫెక్ట్ లాంటి రియాక్ట్ ఫంక్షన్) మీరు సరిగ్గానే రాసినా ఇది వస్తోందంటే పేజీలో రెండు రియాక్టులు ఉండవచ్చు. టెర్మినల్‌లో ఎన్‌పీఎమ్ ఎల్ఎస్ రియాక్ట్ అని కొట్టి చూడండి. మీ సొంత కాంపొనెంట్ లైబ్రరీయే రియాక్ట్‌ని డిపెండెన్సీగా తెస్తుంటే పీర్ డిపెండెన్సీకి (అప్లికేషన్‌లో ఉన్న రియాక్ట్‌నే వాడుకునేలా) మార్చండి, లింక్ చేసి వాడుతుంటే వీట్ అనే బిల్డ్ టూల్‌లో డీడూప్ (ఒకే కాపీ వాడమని చెప్పే) జాబితాలో రియాక్ట్‌నీ రియాక్ట్ డామ్‌నీ చేర్చండి.