బీపీ బిళ్లలు ఎక్కువైనప్పుడు ఇంట్లో చేయవలసిన పని

పొద్దున వేసుకున్నానో లేదో గుర్తులేక మరొక బీపీ బిళ్ల మింగేశానని ఇంట్లో పెద్దవారు చెప్పినప్పుడు, ముందుగా వారిని అటూ ఇటూ తిరగనివ్వకుండా మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టి అడుగు ఎత్తున ఉంచాలి. తరువాత ఏ బిళ్ల, ఎన్ని మిల్లీగ్రాములది, ఎన్ని మింగారు, ఏ గంటకు మింగారు అన్నది కాగితం మీద రాసుకొని, బిళ్లల షీట్లన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసి పెట్టుకోవాలి. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగే ప్రశ్నలు ఇవే.

పొరపాటున ఒక్క బిళ్లే అదనంగా పడి, మనిషి తెలివిగా మాట్లాడుతూ ఉంటే, చూసే డాక్టరుకు ఫోన్ చేసి, తరువాతి బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో అడిగి, అరగంటకొకసారి బీపీ చూస్తూ ఉండవచ్చు. పై అంకె 90 కంటే తగ్గినా, నాడి 50 కంటే తక్కువ కొట్టుకుంటున్నా, చల్లటి చెమటలు పట్టినా, మాట తడబడినా, స్పృహ తప్పినా, ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఎక్కువ బిళ్లలు మింగినవారి విషయంలోనూ, పెద్దల బిళ్ల ఒక్కటి మింగిన పసిపిల్లల విషయంలోనూ లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు పూర్తి ప్రభావం చూపడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది, ఒంట్లో దాని పరిమాణం సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. కనుక సాయంత్రం బాగానే ఉన్న మనిషి అర్ధరాత్రి పడిపోవచ్చు. మనసు బాగాలేక కావాలనే మింగారని అనుమానం ఉంటే, ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పాలి, వారిని ఒంటరిగా వదలకూడదు. ప్రాణాపాయం తప్పిన తరువాత మనసు విప్పి మాట్లాడుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు ఉంది.

మన ఊళ్లలో తరచుగా జరిగే ప్రమాదకరమైన పని ఒకటి ఉంది. కళ్లు తిరుగుతున్న మనిషిని మోటార్ సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. బీపీ పడిపోయిన మనిషిని నిటారుగా కూర్చోబెడితే మెదడుకు అందే రక్తం ఇంకా తగ్గి, దారిలోనే స్పృహ తప్పవచ్చు. పడుకోబెట్టి తీసుకుపోయే వాహనం కోసం కొన్ని నిమిషాలు ఆగడమే మేలు. గొంతులో వేలు పెట్టి గానీ, ఉప్పునీళ్లు తాగించి గానీ వాంతి చేయించకూడదు, మగతలో ఉన్నవారి నోట్లో నీళ్లు కూడా పోయకూడదు. వాంతి దానంతట అదే వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గుండెపోటేమో అన్న భయంతో నాలుక కింద సార్బిట్రేట్ అనే గుండెనొప్పి బిళ్ల పెట్టడం మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ బిళ్ల బీపీని ఇంకా దించుతుంది.

ఆసుపత్రిలో ఈసీజీ తీసి, సెలైన్ ఎక్కించి, మింగిన మందును బట్టి కాల్షియం, గ్లూకగాన్ వంటి ఇంజెక్షన్లు ఇస్తారు. మందును పీల్చుకునే బొగ్గుపొడిని, బిళ్లలు మింగిన గంటలోపు ఇస్తేనే అది ఎక్కువగా పనికివస్తుంది. ఎటెనొలాల్ వంటి బిళ్లలు బీపీతో పాటు నాడినీ మందగింపజేస్తాయి, కిడ్నీ సరిగా లేనివారి ఒంట్లో ఎటెనొలాల్ పేరుకుపోతుంది కూడా. కిడ్నీ జబ్బు, షుగరు ఉంటే ఆ సంగతి అడగకముందే చెప్పాలి.

అనంతపురం దగ్గర పల్లెలో ఉండే మా అవ్వ తలగడ కింద ఒకసారి రెండు షీట్లు దొరికాయి. ఒకటి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చినది, రెండవది మా మామ టౌనులో మెడికల్ షాపు నుంచి తెచ్చినది. పేర్లు వేరు, రంగులు వేరు, కానీ రెండింటి వెనకా సన్నటి అక్షరాల్లో ఆమ్లోడిపిన్ అనే ఉంది. ఆమె పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటూ, తెల్లవారి మంచం దిగగానే కళ్లు బైర్లు కమ్మడం వయసు వల్లనే అనుకుంటూ నెల రోజులు గడిపింది. అప్పటి నుంచి నేను కంపెనీ పెట్టిన పేరు కాక, లోపలి మందు పేరు చూసి బిళ్లలను జత చేస్తాను. షాపులో కత్తెరతో షీటు కోసి ఇచ్చేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కనే అడిగి తీసుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు చెమట పోసి, లేదా విరేచనాలు పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మామూలు మోతాదే ఎక్కువ మోతాదులా పనిచేస్తుంది. మూత్రం ఎక్కువగా పోయించే బిళ్ల వాడేవారికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అలాంటి రోజుల్లో పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ బీపీ చూసి, పై అంకె 20 పడిపోతే డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పించుకోవాలి. అంతేకాని భయపడి ఎవరికి వారే బిళ్లలు మానేయకూడదు, ఎటెనొలాల్ ఉన్నట్టుండి ఆపితే గుండెకే ముప్పు రావచ్చు. మరచిపోయిన బిళ్లకు బదులుగా మరునాడు రెండు వేసుకోకూడదు. వారాల పేర్లు రాసిన ఏడు గదుల డబ్బాలో ఆదివారం నాడు ఇంట్లో ఒకరే బిళ్లలు సర్దితే, బుధవారం గది ఖాళీగా ఉందో లేదో చూసి, వేసుకున్నారో లేదో అవ్వకు మీరే చెప్పవచ్చు.