పాప చేతికి ముక్క ఇచ్చే ముందు

మా పాపకు ఏడో నెల నడుస్తుండగా సంక్రాంతి వచ్చింది. భోగిపళ్లు పోస్తుంటే ఒళ్లో పడ్డవి గుప్పిట పట్టి నోటి దగ్గరకు తీసుకెళ్లింది. మా అత్తయ్య గుప్పిట విప్పిస్తే రెండు శనగలు, ఒక రూపాయి బిళ్ల ఉన్నాయి. అప్పుడే తన చేత్తో తినడం నేర్పిస్తున్నాం. ముక్క నోట్లో పెట్టుకోవడం వచ్చిన బిడ్డకు శనగ, బిళ్ల, ఇడ్లీ అన్నీ ఒకటే.

అన్నప్రాశన అయిపోయింది కదా అని ముక్కలు ఇచ్చేయకండి. ఆరు నెలలు నిండాలి, మెడ నిలబడాలి, కాస్త ఆసరాతో నిటారుగా కూర్చోగలగాలి. పడుకోబెట్టి, పాకుతుండగా, కారులో వెళ్తూ ఏదీ పెట్టవద్దు.

ముక్కను బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి చూడండి. మెత్తగా నలగకపోతే మళ్లీ ఉడికించండి. ఈ వయసులో గుప్పిటతోనే పట్టుకుంటారు కాబట్టి మన వేలంత పొడవుండాలి. రెండు వేళ్లతో ఏరుకోవడం వచ్చాక, అంటే తొమ్మిదో నెల దగ్గర్లో, బఠాణీ గింజంత మెత్తటి ముక్కలు చాలు. చిలగడదుంప, గుమ్మడికాయ, క్యారెట్ ఆవిరి మీద ఉడికించి ఇచ్చాం. ఇడ్లీని నిలువుగా కోసి పప్పుకట్టులో తడిపితే అంగిట్లో అంటుకోదు. బాగా ఉడికిన గుడ్డు, మెత్తటి రాగిదోసె కూడా మంచివే. కొత్తది ఏదైనా ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా పెట్టి చూడండి. ఏడాది నిండేవరకు ఉప్పు, చక్కెర కలపనక్కర్లేదు. తేనె మాత్రం నాలుకకు రాయడం కూడా వద్దు, అందులో ఉండగల బాక్టీరియా వల్ల పసివాళ్లకు బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

పల్లీలు, శనగలు, పాప్‌కార్న్, జంతికలు, పచ్చి క్యారెట్, పచ్చి ఆపిల్ ముక్క, గింజ తీయని రేగుపండు, గింజ తీయని సపోటా ఇవ్వవద్దు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. చుట్టాలు "ఏం కాదులే, మేం పెంచలేదా" అంటారు. నొచ్చుకుంటారని ఊరుకోకండి.

కొత్తలో పిల్లలు ఓక్ మంటారు, దగ్గుతారు, ముఖం ఎర్రబడుతుంది. శబ్దం వస్తోందంటే గాలి ఆడుతోందన్నమాట. టెన్షన్ పడి నోట్లో వేలు పెడితే ముక్క ఇంకా లోపలికి పోవచ్చు. భయపడాల్సింది శబ్దం ఆగినప్పుడు: ఏడవలేరు, దగ్గలేరు, పెదాలు నీలమవుతాయి. వెంటనే బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టండి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కండి. పొట్ట మీద నొక్కకూడదు. ముక్క బయటికొచ్చేదాకా ఇలాగే మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, మధ్యమధ్యలో నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి. ఈ పద్ధతిని పిల్లల డాక్టరును అడిగి, ఇంట్లో బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరూ చేసి చూసుకోండి.

ఇక భోగిపళ్లు పోసేటప్పుడు ఒకరు బిడ్డ రెండు గుప్పిళ్లూ పట్టుకుని కూర్చోండి. అయిపోగానే బట్టలు మార్చి, మడతల్లో గింజలు దులిపి, ఆ గది మొత్తం ఊడ్చాకే కింద దించండి.