వాచీ చైను లాక్ మీద సన్న గీతలు: రుద్దినకొద్దీ పెరుగుతున్నాయా?

పాలిష్ డబ్బా మూత తీసేముందు లాక్ తెరిచి లోపలి అంచులు, మూలలు చూడండి. పైన బంగారు రంగు ఉండి, ఒరుసుకునే మూలల్లో మాత్రం తెల్లగా స్టీల్ కనిపిస్తోందంటే అది పూత. దాని మందం మైక్రాన్లలో ఉంటుంది, రుద్దితే గీతతో పాటు రంగూ పోతుంది, ఇంట్లో మళ్లీ తెప్పించలేం. రోజ్ గోల్డ్, నలుపు రంగువీ దాదాపు అంతే, వాటిని ముట్టుకోవద్దు. ఈ ఒక్క చూపు చూడకుండా రుద్దేసి, సగం పసుపు సగం తెలుపు అయిన లాక్ పట్టుకొచ్చేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఇక్కడ చెప్పేదంతా పూత లేని, అద్దంలా మెరిసే స్టీల్ గురించే.

గీత మీద గోరు అడ్డంగా నడపండి. గోరుకు తగలకపోతే మెత్తటి నూలు గుడ్డకు బ్రాసో లాంటి మెటల్ పాలిష్ పెసరగింజంత పట్టించి, రెండు మూడు నిమిషాలు ఒకే దిశలో రుద్దితే చాలు. గుడ్డ నల్లబడితే టెన్షన్ పడొద్దు, అరిగిన లోహం అది. గుడ్డ మడత మార్చుకుంటూ ఉండండి.

పాలిష్ బాగానే వచ్చింది, కానీ లైటు కింద వంచి చూస్తే సాలెగూడులా కొత్త గీతలు కనిపిస్తున్నాయా? నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. నా పాత వాచీ లాక్ వరసగా మూడు సాయంత్రాలు రుద్దాను, ఒక గీత పోతే పది గీతలు వచ్చేవి, పాలిష్ మంచిది కాదేమోనని మార్చాను, గుడ్డ కూడా మార్చాను, ఫలితం లేదు. చివరికి లాక్ మడత పూర్తిగా తెరిచి, కీలు పక్కన టూత్‌పిక్‌తో గీకితే నల్లటి మైనం లాంటి ముద్ద వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. చెమట, ఒంటి జిడ్డు, పౌడరు, వీధి దుమ్ము అన్నీ కలిసి అక్కడ గట్టిపడ్డాయి. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు స్టీల్ కంటే గట్టివి. పాలిష్‌లోని ద్రవం జిడ్డును కరిగించగానే రేణువులు జారి గుడ్డలోకి చేరతాయి, ఆపైన మనం రుద్దేది పాలిష్‌తో కాదు, ఇసుకతో.

అందుకే కడగడం ముందు, పాలిష్ తర్వాత. పిన్ను నొక్కి లాక్‌ను చైను నుంచి విడదీయండి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పావుగంట నాననివ్వండి. మెత్తటి టూత్‌బ్రష్‌తో కీళ్ల దగ్గర తోముతూ, నీళ్లలోనే లాక్‌ను ఓ ఇరవైసార్లు తెరిచి మూయండి. నీళ్లు మార్చి మళ్లీ ఇదే చేయండి, నీళ్లు తేటగా వచ్చేదాకా. ఆరాక టూత్‌పిక్ కీలులో పెట్టి తీయండి, కొసకు నలుపు అంటితే ఇంకా అయిపోనట్టే. గుడ్డ కూడా ఉతికినదై ఉండాలి, కింద పడిందా, దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి, దులిపితే సరిపోదు.

మెరిసే భాగం పక్కన, తయారీలోనే సన్న చారలు వేసిన భాగం కూడా నున్నగా అయిపోయిందంటే దాని మీద టేపు అంటించకుండా రుద్దారన్నమాట. మెరిసే భాగానికి టేపు వేసి, గిన్నెలు తోమే కొత్త పచ్చ స్క్రబ్బర్‌తో చారల వెంట ఒకే వైపుకి నాలుగుసార్లు లాగితే చాలావరకు సర్దుకుంటుంది.

గోరు తగిలే లోతు గీతకు 1500, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్ (సన్నటి గరుకు కాగితం) తడిపి వాడొచ్చు, కానీ అంచులు గుండ్రమవుతాయి, నేనైతే ఆ గీతను అలాగే వదిలేస్తాను. తుప్పు గుంటలు అరుదు, అవి షాపు పని. టూత్‌పేస్టు మసక తెస్తుంది, చింతపండు ఇత్తడి చిలుము వదిలిస్తుందేమోగానీ గీతకు పనికిరాదు.

అన్నీ సరిగ్గా చేసినా వారంలో గీతలు తిరిగొస్తే మీ బల్ల చూడండి. గ్రానైట్‌లోనూ స్టీల్ కంటే గట్టి రేణువులే ఉంటాయి, మణికట్టు దానికి ఆనించి టైపు చేస్తుంటే లాక్ రోజంతా ఒరుసుకుంటూనే ఉంటుంది. చేతి కింద మందపాటి గుడ్డ ఒకటి పరుచుకోండి.