కన్సోల్ లేని సర్వర్‌లో కొత్త కెర్నెల్‌ను భయం లేకుండా బూట్ చేయడం

ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న, స్క్రీన్-కీబోర్డ్ (కన్సోల్) అందుబాటులో లేని లినక్స్ సర్వర్‌కి కొత్త కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) వేశాక రీబూట్ కొట్టాలంటే టెన్షనే. ఏ కెర్నెల్‌తో బూట్ చేయాలో ఎంచుకునే గ్రబ్ మెనూ కనిపించదు, సర్వర్ లేవకపోతే చేతిలో ఏమీ ఉండదు.

ఉబుంటులో నేను చేసేది ఇది. ఈటీసీ (/etc) లోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫైల్ తెరిచి, గ్రబ్ డిఫాల్ట్ విలువ 0 తీసేసి 'సేవ్డ్' అని పెట్టాలి. కెర్నెల్ ఆప్షన్ల వరుసలో 'పానిక్=10' (కెర్నెల్ క్రాష్ అయితే, అంటే పానిక్ అయితే, 10 సెకన్లకు రీబూట్ అవ్వమని) చేర్చి, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. తర్వాత గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో పాత కెర్నెల్‌నే డిఫాల్ట్‌గా ఉంచాలి. లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి మామూలుగా పాతది '1>2' అవుతుంది, అంటే రెండో మెనూలో మూడోది. కొటేషన్ గుర్తులు మరిచిపోవద్దు, లేకపోతే షెల్ దాన్ని వేరేలా అర్థం చేసుకుంటుంది. గ్రబ్ కాన్ఫిగ్ ఫైల్‌లో వరుస ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు గ్రబ్-రీబూట్ 0 ఇచ్చి రీబూట్ చేయండి. కొత్త కెర్నెల్ ఈ ఒక్కసారికే వస్తుంది. అది పానిక్ అయితే 10 సెకన్లకు మెషీన్ తనే రీబూట్ అయి పాతదానితో లేస్తుంది. పానిక్ కాకుండా నెట్‌వర్క్ మాత్రమే రాకపోతే ప్రొవైడర్ ప్యానెల్‌లో పవర్ రీసెట్ చాలు. అంతా బాగుంటే, యూనేమ్ కమాండ్‌తో కెర్నెల్ వెర్షన్ చూసుకుని, గ్రబ్-సెట్-డిఫాల్ట్ 0 ఇవ్వండి.

ఒక్క జాగ్రత్త: బూట్ ఫోల్డర్ ఎల్‌వీఎం మీదో సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీదో (డిస్క్‌లను కలిపి వాడే పద్ధతులు) ఉంటే ఇది చేయకండి. అక్కడ 'ఈ ఒక్కసారికే' అని గ్రబ్-రీబూట్ పెట్టిన గుర్తును గ్రబ్ చెరపలేకపోతుంది, ప్రతిసారీ ఆ చెడిన కెర్నెల్‌కే వెళ్తుంది.