ఆర్బిట్రేటర్ నిష్పాక్షికతపై అభ్యంతరం ఎలా చెప్పాలి

ఫైనాన్స్ అప్పుతో లారీ కొని వాయిదాలు కట్టలేకపోయినవారికి, కంపెనీ తానే నియమించిన ఆర్బిట్రేటర్ (కోర్టు బయట వివాదాన్ని విని తీర్పు చెప్పే మధ్యవర్తి) నుంచి నోటీసు రావచ్చు. దానిని పక్కన పడేస్తే మీరు లేకుండానే విచారణ ముగుస్తుంది, వచ్చిన అవార్డును, అంటే ఆర్బిట్రేటర్ తీర్పును, కోర్టు డిక్రీలాగే అమలు చేస్తారు. అందువల్ల నోటీసు అందిన తేదీని వెంటనే రాసిపెట్టుకోండి.

1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం అభ్యంతరాలు రెండు రకాలు. మీది ఏ రకమో తేల్చుకోవడమే అసలు పని. మొదటిది అనర్హత. సెక్షన్ 12(5), ఏడో షెడ్యూలు ప్రకారం కంపెనీ ఉద్యోగి, సలహాదారు వంటివారు ఆర్బిట్రేటర్‌గా ఉండటానికి వీల్లేదు. వివాద ఫలితంతో ప్రయోజనం ముడిపడి ఉన్న అధికారి ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడమూ చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ హక్కును వదులుకోవాలంటే వివాదం తలెత్తిన తరువాత మీరు స్పష్టంగా, రాతపూర్వకంగా అంగీకరించాలి. అప్పు పత్రాలపై ఎప్పుడో చేసిన సంతకం అందుకు చాలదు. కాబట్టి ఇప్పుడు సమ్మతి తెలిపే ఏ కాగితం మీదా సంతకం చేయకండి. అనర్హుడు తప్పుకోకపోతే సెక్షన్ 14 కింద నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు.

రెండోది, నిష్పాక్షికతపై సహేతుకమైన సందేహం. గత మూడేళ్లలో అదే కంపెనీ ఆ ఆర్బిట్రేటర్‌ను రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు నియమించి ఉంటే, ఐదో షెడ్యూలు ప్రకారం అది సందేహానికి ఆధారమవుతుంది. ఇలాంటి సంబంధాలను తెలుపుతూ సెక్షన్ 12(1) కింద ఆయన ఇవ్వవలసిన వెల్లడి పత్రాన్ని రాతపూర్వకంగా అడగండి. ట్రైబ్యునల్ (వివాదాన్ని వినే ఆర్బిట్రేటర్ లేదా ఆర్బిట్రేటర్ల బృందం) ఏర్పాటైన సంగతి గాని, సందేహానికి కారణమైన విషయం గాని మీకు తెలిసిన 15 రోజుల్లోగా కారణాలతో అభ్యంతరాన్ని ఆ ట్రైబ్యునల్‌కే పంపాలి. తనపై అభ్యంతరాన్ని ఆర్బిట్రేటర్ తానే తేల్చడం మింగుడుపడని విషయమే, అయినా చట్టం అలాగే ఉంది.

విచారణలో ఆర్బిట్రేటర్ నడవడిపై ఫిర్యాదుకు రుజువులు కావాలి. ఒక ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వచ్చినంత మాత్రాన అది పక్షపాతం కాదు. మీకు జవాబు చెప్పే అవకాశం ఇవ్వకపోయినా, అవతలి పక్షంతో విడిగా మాట్లాడినా, జరిగినది జరిగినట్టు అదే రోజు ఈమెయిల్‌లో రాసి, ఇరుపక్షాలకూ కాపీ వెళ్లేలా ఆయనకు పంపండి. ఆరోపణల కంటే తేదీలు, మాటలు, పత్రాలే నిలబడతాయి.

అభ్యంతరాన్ని తోసిపుచ్చితే విచారణ కొనసాగుతుంది. అప్పుడు బహిష్కరించకండి, అభ్యంతరాన్ని వదులుకోవడం లేదని విచారణ జరిగే ప్రతి రోజూ నమోదు చేయిస్తూ మీ వాదన వినిపించండి. అవార్డు అందిన మూడు నెలల్లోగా సెక్షన్ 34 కింద కోర్టులో దాని రద్దు కోరుతూ ఇవే కారణాలు చెప్పవచ్చు; తగిన కారణం చూపితే కోర్టు మరో 30 రోజులు ఇవ్వగలదు, ఆపై ఒక్క రోజు కూడా పొడిగించదు.