డివిజన్ సీటు ఖాళీ అయితే ఎవరు నింపుతారు? తిరుపతిలో కార్పొరేటర్ ఉప ఎన్నికకు నామినేషన్ వేసే విధానం

"కార్పొరేటర్ సీటు ఖాళీ అయితే కౌన్సిల్ వాళ్లే కూర్చుని ఎవరో ఒకరిని వేసేస్తారంట గదప్పా?" లీలామహల్ సెంటర్‌లో టీ తాగుతుంటే ఒక పెద్దాయన అడిగారు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు అవునన్నట్టే తల ఊపారు. ఆ నమ్మకం తప్పు. దానివల్ల నష్టపోయేది కూడా మనమే. సీటు తామే నింపుకుంటారులే అనుకున్నవాళ్లు పోటీకి సిద్ధం కారు, ఎన్నిక ఎప్పుడని అడగరు. చివరికి నోటిఫికేషన్ వచ్చాక రెండు మూడు రోజుల్లో కాగితాలన్నీ ఎక్కడ తేవాలో తెలియక వెనక్కి తగ్గుతారు. అందుకే తెలిసినంత వరకు వరుసగా రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు రెండూ నగరపాలక సంస్థలే, 2021 ఎన్నికల నాటికి రెండింటిలోనూ యాభై డివిజన్లే. కాబట్టి ఇక్కడి విధానం అక్కడా వర్తిస్తుంది.

అమెరికాలో చాలా నగరాల్లో ఖాళీ అయిన సీటును కౌన్సిలే నింపుతుంది. ఆసక్తి ఉన్నవాళ్ల నుంచి దరఖాస్తులు పిలుస్తుంది, వచ్చినవాళ్లతో బహిరంగ సమావేశంలో మాట్లాడుతుంది, ఓటేసి ఒకరిని కూర్చోబెడుతుంది. మన దగ్గర ఆ దారి లేదు. డివిజన్ నుంచి కార్పొరేటర్ కావాలంటే ఆ డివిజన్ ఓటర్లు నేరుగా ఓటేయాల్సిందే. రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణం ఈ మాటే చెబుతుంది. మన దగ్గర దరఖాస్తు అంటే నామినేషన్ పత్రమే.

మరి ఆ పెద్దాయనకు ఆ అనుమానం ఎందుకొచ్చింది? రెండు కారణాలు ఉండొచ్చు.

ఒకటి, కో-ఆప్షన్ సభ్యులు. వాళ్లను కౌన్సిలే ఎన్నుకుంటుంది. పురపాలనలో అనుభవం ఉన్నవాళ్లనో, మైనారిటీ వర్గాల వాళ్లనో ఇలా తీసుకుంటారు. ఏ డివిజన్ తరఫునా కాదు, ఖాళీ సీటుకు బదులుగా అసలే కాదు. అనుభవం పేరుతో తీసుకున్న సభ్యులకు కౌన్సిల్ సమావేశాల్లో ఓటు ఉండదని రాజ్యాంగంలోనే ఉంది.

రెండోది మేయర్, డిప్యూటీ మేయర్ కుర్చీలు. ఇవి ఖాళీ అయితే జనం దగ్గరికి రారు, కౌన్సిల్‌లోనే ఎన్నిక జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో తిరుపతి డిప్యూటీ మేయర్ ఎన్నిక ఎస్వీ యూనివర్సిటీ సెనేట్ హాలులో జరిగింది. మూడో తేదీన సరిపడా సభ్యులు రాక (కోరం లేక) వాయిదా పడింది, నాలుగో తేదీన 26 ఓట్లు ఒకరికి, 21 ఓట్లు మరొకరికి పడ్డాయి. టీవీలో అది చూసినవాళ్లు కార్పొరేటర్ సీటు కూడా ఇలాగే నింపుతారని అనుకోవడం సహజమే. కానీ అక్కడ ఓటేసింది కౌన్సిల్ సభ్యులు, కార్పొరేటర్‌కు ఓటేసేది డివిజన్ జనం. అంత దగ్గరి ఎన్నికలో ఒక డివిజన్ సీటు ఖాళీగా ఉంటే, ఆ డివిజన్ జనం మాట ఆ హాలులోకి వెళ్లనట్టే.

చిత్తూరు సంగతి ఇంకా బాధాకరం. 2015 నవంబరు 17న మేయర్ కఠారి అనురాధను కార్పొరేషన్ ఆఫీసులోనే హత్య చేశారు. ఆమె మేయరే కాదు, ఒక డివిజన్ కార్పొరేటర్ కూడా. కాబట్టి ఒక్క రోజులో రెండు ఖాళీలు ఏర్పడ్డాయి. డివిజన్ సీటు నింపాల్సింది ఆ డివిజన్ ఓటర్లు, మేయర్ కుర్చీ నింపాల్సింది కౌన్సిల్. తర్వాతి కాలంలో ఆమె కోడలు కఠారి హేమలత మేయరయ్యారు.

ఎన్నిక ఎవరు పెడతారు

కార్పొరేటర్ చనిపోయినా, రాజీనామా ఆమోదం పొందినా, అనర్హత పడినా, ఎన్నిక చెల్లదని కోర్టు చెప్పినా సీటు ఖాళీ అయినట్టే. ఆ సంగతి కార్పొరేషన్ కమిషనర్ ద్వారా రాష్ట్ర ఎన్నికల సంఘానికి చేరుతుంది. నోటిఫికేషన్ ఇచ్చేదీ, తేదీలు పెట్టేదీ ఆ సంఘమే. దాని కార్యాలయం విజయవాడలో ఉంది. ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికలు జరిపే కేంద్ర ఎన్నికల సంఘం వేరు, ఇది వేరు. ఉప ఎన్నిక ఎప్పుడని ఢిల్లీకి అర్జీలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. అర్జీ పెట్టాలంటే కమిషనర్‌కు, కలెక్టర్‌కు, విజయవాడలోని సంఘానికి పెట్టండి, రసీదు తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి కలెక్టరేట్ పని మీద మనం ఇప్పుడు చిత్తూరుకు పోనక్కర్లేదు.

ఈ అర్జీ పెట్టడం చిన్న పని అనుకోకండి. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయినా తొలి కౌన్సిల్ ఎన్నిక జరిగింది 2021లో. అన్నేళ్లు మన వీధి దీపానికీ, మన కాలువకూ అడిగేవాడు లేకుండానే గడిపాం. ఖాళీని ఎవరూ గుర్తు చేయకపోతే అది అలాగే సాగుతుంది.

ఉప ఎన్నికలో గెలిచినవారికి కొత్తగా ఐదేళ్లు రావు, కౌన్సిల్‌కు మిగిలిన కాలం మాత్రమే. డివిజన్ ఏ వర్గానికి, మహిళకా జనరల్‌కా అని ముందు ఎన్నికలో ఎలా కేటాయించారో అదే మళ్లీ వర్తిస్తుంది. మన రాష్ట్రంలో సగం సీట్లు మహిళలవే.

ఎవరు పోటీ చేయొచ్చు

వయసు 21 నిండాలి. అసెంబ్లీకి 25 కావాలి కాబట్టి చాలామంది ఇక్కడా అంతే అనుకుంటారు, కాదు. మీ పేరు కార్పొరేషన్ ఓటర్ల జాబితాలో ఉండాలి. ఏ డివిజన్‌లో ఓటు ఉన్నా మరో డివిజన్‌లో పోటీ చేయొచ్చు. జీవకోనలో ఓటున్నవారు కొర్లగుంట వైపు డివిజన్‌లోనూ నిలబడొచ్చు. కానీ మిమ్మల్ని ప్రతిపాదించే వ్యక్తికి మాత్రం మీరు పోటీ చేసే డివిజన్‌లోనే ఓటు ఉండి తీరాలి.

ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 2020 మార్చిలో మా పక్కింటి అక్క నామినేషన్ వేసింది. ప్రతిపాదకుడిగా ఎదురింటి అన్న సంతకం పెట్టాడు. ఇద్దరి ఇళ్ల మధ్య ఇరవై అడుగుల రోడ్డే. కానీ డివిజన్ సరిహద్దు ఆ రోడ్డు మధ్యగానే పోతుందని, నామినేషన్ పత్రాలు సరిచూసే పరిశీలన రోజు వరకు మాకెవరికీ తెలియదు. నామినేషన్ తిరస్కరించారు. అక్క ఏడవలేదు గానీ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: ప్రతిపాదకుడి పేరు, భాగం సంఖ్య, వరుస సంఖ్య డివిజన్ ఓటర్ల జాబితాలో వేలు పెట్టి చూసుకోండి. పక్కిల్లే కదా, ఎదురిల్లే కదా అని వదిలేయకండి.

ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న పాత నిబంధన ఇప్పుడు లేదు. 2024 నవంబరులో శాసనసభ చట్టాన్ని సవరించి దాన్ని తీసేసింది. ముగ్గురు పిల్లలున్నారని ఆగిపోయిన ఆడవాళ్లు మన వీధుల్లో చాలామందే ఉన్నారు. దయచేసి వాళ్లకు ఈ మాట చేరవేయండి.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు పోటీ చేయకూడదు. తిరుపతిలో దాదాపు ప్రతి వీధిలోనూ టీటీడీలో పనిచేసేవాళ్లుంటారు. రెగ్యులర్ అయినా, కాంట్రాక్టు అయినా, తమ సంగతి ఏమిటో రిటర్నింగ్ అధికారిని (నామినేషన్లు తీసుకుని ఎన్నిక నడిపే అధికారి) ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది. కార్పొరేషన్‌కు పన్ను బకాయి ఉన్నా అభ్యంతరం వస్తుంది. ఆస్తిపన్ను, నీటి పన్ను కట్టి, బకాయి లేదన్న పత్రం తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. ఇల్లు మామగారి పేరు మీద ఉంటే ఆ రసీదులూ తెచ్చుకోండి. పరిశీలన రోజు ఎవరు ఏ అభ్యంతరం లేపుతారో తెలియదు.

నోటిఫికేషన్‌కు ముందే చేయాల్సిన పని

2020లో మునిసిపల్ నామినేషన్లకు ఇచ్చింది మూడంటే మూడు రోజులు, మార్చి 11 నుంచి 13 వరకు. 14న పరిశీలన. ఆ తర్వాత కరోనా వల్ల ఎన్నిక ఆగి, దాదాపు ఏడాదికి, 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. ఆగినా ఆగకపోయినా నామినేషన్ గడువు మాత్రం ఆ మూడు రోజులే. కుల ధ్రువీకరణ పత్రం కోసం సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహశీల్దార్ సంతకం అయ్యేసరికే ఆ మూడు రోజులు చాలవు. అందుకే ఖాళీ ఏర్పడిందని తెలిసిన రోజే మొదలుపెట్టండి.

మొదట ఓటు. జాబితాలో పేరు లేకపోతే ఫారం 6, చిరునామా మారితే ఫారం 8. కార్పొరేషన్ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది కాబట్టి అక్కడ పేరు లేకపోతే ఇక్కడా ఉండదు. తర్వాత రిజర్వుడు డివిజన్ అయితే కుల పత్రం. ఆ తర్వాత ఎన్నికల ఖర్చు కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా. ఈ మూడూ చేతిలో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

డిపాజిట్ కార్పొరేషన్ డివిజన్‌కు 5,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు 2,500. కట్టే ముందు నోటిఫికేషన్‌లో ఉన్న మొత్తం మరోసారి చూసుకోండి.

నామినేషన్ పత్రం, అఫిడవిట్

నామినేషన్ పత్రం రిటర్నింగ్ అధికారి దగ్గరే ఇస్తారు. రాయడం కష్టం కాదు. ఓటర్ల జాబితాలో పేరు ఏ అక్షరాలతో ఉందో అవే అక్షరాలు రాయండి. జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే మీరూ అలాగే రాసి, పూర్తి పేరు పక్కన చెప్పండి.

కష్టం అఫిడవిట్‌తోనే. మీ మీద కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, అన్నీ ప్రమాణం చేసి చెప్పాలి. భార్య లేదా భర్త ఆస్తులు, మీ మీద ఆధారపడినవాళ్ల ఆస్తులు కూడా. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. ఏమీ లేకపోతే 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాలి. ఖాళీ గడులున్న అఫిడవిట్‌తో వేసిన నామినేషన్‌ను తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో బంగారం ఎంతుందో చెప్పడానికి మొహమాటపడేవాళ్లను చూశాను. కుదువ పెట్టిన నగలు అయినా సరే, మొహమాటం లేకుండా రాయండి, అప్పుల గడిలో ఆ కుదువ అప్పు కూడా రాయండి. ఓటరుకు ఈ వివరాలు తెలుసుకునే హక్కు ఉంది, ఆ హక్కు కోసమే ఈ కాగితం.

పార్టీ తరఫున అయితే ఏ-ఫారం (టికెట్ ఇచ్చే అధికారం ఎవరికుందో పార్టీ చెప్పేది), బీ-ఫారం (మీరే తమ అభ్యర్థి అని పార్టీ చెప్పేది) కావాలి. బీ-ఫారం నామినేషన్‌తోనే ఇవ్వాలని లేదు, ఉపసంహరణ చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అందితే చాలు. పార్టీ లేనివాళ్లకు సంఘం జాబితాలోని స్వేచ్ఛా గుర్తుల్లో ఒకటి ఇస్తారు. పార్టీ లేకపోయినా భయపడాల్సింది ఏమీ లేదు, కాగితాలు సరిగ్గా ఉంటే ఆ బల్ల ముందు అందరూ సమానమే.

కాగితాలు ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి. చివరి గంటలో వెళ్లకండి. పరిశీలన రోజు మీరూ మీ ప్రతిపాదకుడూ తప్పకుండా వెళ్లండి. మీ పత్రం మీద అభ్యంతరం వస్తే అక్కడికక్కడే జవాబు చెప్పుకునే అవకాశం అదొక్కటే. తిరస్కరిస్తే కారణం రాసిన ఉత్తర్వు కాపీ అడిగి తీసుకోండి.

ఉపసంహరణ

ఈ మెట్టు గురించి తిరుపతి వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2021లో యాభై డివిజన్లలో 22 ఏకగ్రీవమయ్యాయి. ఏడో డివిజన్‌లో ఎన్నికే ఆగిపోయింది. ఉపసంహరణ పత్రం మీద ఉన్న సంతకం తనది కాదని అభ్యర్థి ఫిర్యాదు చేయడమే దానికి కారణం. అందుకే ఫలితాలు యాభైకి కాక 49కే వచ్చాయి.

ఉపసంహరణ పత్రాన్ని అభ్యర్థి స్వయంగా ఇవ్వాలి, లేదా అభ్యర్థి రాసిచ్చిన అధికారంతో ప్రతిపాదకుడు ఇవ్వాలి. కాబట్టి ప్రతిపాదకుడిగా నమ్మకస్తుడినే ఎంచుకోండి. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టకండి. ఉపసంహరణ గడువు నడిచే రోజుల్లో మీరు ఊళ్లోనే ఉండండి, ఫోన్ ఆపకండి. బరిలో ఉన్నవాళ్ల జాబితా ఆఫీసు బోర్డు మీద పెట్టగానే వెళ్లి మీ పేరు చూసుకోండి. లేకపోతే అదే నిమిషంలో రిటర్నింగ్ అధికారికి, రాష్ట్ర ఎన్నికల సంఘానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మీ మీద ఒత్తిడి ఉంటే పోలీసులకు ముందే రాసి, ఆ కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

అందరూ తప్పుకుని ఒక్కరే మిగిలితే పోలింగ్ ఉండదు, ఆ ఒక్కరూ గెలిచినట్టు ప్రకటిస్తారు. ఇద్దరైనా ఉంటే పోలింగ్ జరుగుతుంది. 2021లో ఇక్కడ యంత్రాలు కాదు, బ్యాలెట్ పత్రాలూ పెట్టెలే వాడారు. నోటా గుర్తు కూడా ఉంది.

సీటు ఖాళీగా ఉన్న రోజుల్లో డివిజన్ పనులు ఆగనక్కర్లేదు. వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వొచ్చు, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లొచ్చు. కార్పొరేటర్ లేరు కాబట్టి కాలువ తీయించలేమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఫలితం తర్వాత

గెలిచినవాళ్లు ధ్రువపత్రం తీసుకుని, ప్రమాణం చేసి కౌన్సిల్‌లో కూర్చుంటారు. ఓడినవాళ్లకు కూడా ఒక పని మిగులుతుంది, చాలామంది మరచిపోయేది అదే. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు ఎన్నికల ఖర్చు లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు. మా పక్కింటి అక్క మళ్లీ నిలబడాలనుకుంటోంది. ఈసారి ఒక నోటుపుస్తకం కొని మొదటి పేజీలో తేదీ, ఖర్చు, రసీదు నంబరు అని మూడు గీతలు గీసి పెట్టుకుంది. ఎదురింటి అన్న సంతకం పెట్టలేడు గానీ, కరపత్రాల కోసం ప్రెస్‌కు తోడు వస్తానన్నాడు.